యాదమ్మ బండి బోల్తాపడ్డ పొద్దు

1997లో నేను నారాయణగూడలో ఒక సహకార బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ని. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్లకు చిన్న అప్పులివ్వడం మా శాఖలో అప్పుడే మొదలైంది. ఐదుగురు కలిసి ఒక గ్రూపు కట్టాలి. ఒకరు వాయిదా తప్పితే మిగతా నలుగురూ కట్టాలి. దీన్ని గ్రూప్ గ్యారంటీ అంటాం.

లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి బస్తీలో నా మొదటి గ్రూపు తయారైంది. మొదటి అప్పు యాదమ్మకు. ఇళ్లలో పనిచేసుకునే యాదమ్మ, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం ఇడ్లీ బండి పెడతానంది. ఈ అప్పు మునిగితే పథకాన్నే ఆపేస్తానని మా మేనేజరు ముందే చెప్పేశారు.

బండి మొదలయ్యే రోజు పొద్దున్నే ఉత్సాహంగా బయల్దేరాను. చిక్కడపల్లి మలుపు తిరగ్గానే యాదమ్మ బండి కనిపించింది. చక్రం ఊడి బండి పక్కకు ఒరిగిపోయింది. పిండంతా రోడ్డు పాలైంది. యాదమ్మ తల పట్టుకుని కూర్చుంది.

"నా తోని గాదు మేడం. రేపటి సంది మళ్ల ఇండ్లల్ల పనికే పోత."

అంతలో బోణీ చేద్దామని గ్రూపులోని మిగతా నలుగురూ వచ్చారు. అందరికన్నా ముందు సత్తెమ్మ. గ్యారంటీ సంతకానికి నన్ను నెల రోజులు తిప్పిన మనిషి!

"ఏందే, గట్ల కూసున్నవ్? లే!"

"పిండంత పాయె అక్కా."

"పోతే పోనియ్యి. స్టవ్వు మంచిగనే ఉన్నది గద? ఉప్మా చేద్దం!"

ఒకరు రవ్వకు పరుగెత్తారు. ఒకరు ఉల్లిగడ్డలు తెచ్చారు. స్టవ్వు, గిన్నెలు నెత్తిన పెట్టుకుని అందరం అశోక్‌నగర్ గల్లీలోకి నడిచాం. మూత ఊడని పల్లీ చట్నీ డబ్బా నా చేతికిచ్చారు. ఫుట్‌పాత్ మీద పోపు చిటపటలాడగానే పుస్తకాలు చంకలో పెట్టుకున్న పిల్లలు మూగారు. "ఆంటీ, ఇంకో ప్లేట్!" "ఆంటీ, జర చట్నీ!" బ్యాంకు బ్యాగు భుజానే ఉంది, నేను చట్నీ వడ్డిస్తూనే ఉన్నాను. చూస్తుండగానే గిన్నె అడుగంటా ఖాళీ. యాదమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది.

సత్తెమ్మను అడిగాను: "సంతకానికే అంత భయపడ్డారు కదా, ఇవాళ ఇంత ధైర్యం ఎక్కడిది?"

"సంతకం పెట్టినంక గా బండి నాది గూడ గాదా మేడం?"

యాదమ్మ ఒక్క వాయిదా తప్పలేదు. మిగతా నలుగురికీ అప్పులొచ్చాయి. పథకం నిలిచింది. ఆ తర్వాత ఏ బస్తీకి వెళ్లినా, "ఈమె కట్టకపోతే మీరు కడతారా?" అని మొదలుపెట్టడం మానేశాను. "రేపు ఈమెకు జ్వరమొస్తే స్టవ్వు ఎవరు వెలిగిస్తారు?" అని అడిగేదాన్ని. ఎవరైనా చెయ్యెత్తితే, ఆ గ్రూపుకు అప్పు రాసేదాన్ని.