మా అత్త ఎంచిన గూఢచారి

నిన్న పొద్దున నా కాఫీ చల్లారిపోయిందంటే దానికి కారణం మా బంధువుల ఫోను గ్రూపే. మన చిన్నప్పుడు ఆదివారాలు టీవీలో వచ్చిన ఆ హిందీ గూఢచారి సీరియల్‌ను మళ్ళీ తీస్తున్నారట, కొత్త హీరో ఫొటో కూడా పెట్టారు. కండలు, కోటు, నల్ల కళ్ళద్దాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మన గూఢచారి తెల్లకారు తోలే బక్కపలచటి డ్రైవరు కదా, బజార్లో ఎదురొచ్చినా ఎవరూ తిరిగి చూడని మొహం కదా అని అందరికంటే ముందు నేనే రాశాను. అన్నలూ వదినలూ వంత పాడారు.

బ్రూస్‌పేటలో మా వీధి మొత్తానికి టీవీ మా ఇంట్లోనే ఉండేది, హిందీ మాత్రం మా మేనత్తకు తప్ప ఎవరికీ రాదు. మా బట్టల అంగట్లో ఆడవాళ్ళ బేరాలన్నీ ఆమే చూసేది, సాయిబుల ఇళ్ళ ఆడవాళ్ళతో గడగడా మాట్లాడేది, అందుకని ఆదివారం టీవీ పక్కన పీట ఆమెది. తెర మీద వాళ్ళు ఒక మాటంటే ఆమె తెలుగులో నాలుగు చెప్పేది, ఇరవై మందిమి నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. అసలు గూఢచారి ఆ డ్రైవరేనని మొదటి వారమే తేల్చేసింది. చివరి వారం ఆ కారులో వెనక కూర్చుని తిరిగే కోటు మనిషికి పతకం ఇస్తుంటే మేమంతా గోల చేశాం. నిజమైన గూఢచారి పతకానికి ముందుకు రాడని, కారు తలుపు తీసి పట్టుకుని నిలబడతాడని ఆమె చెబితే మా నాన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఈ ఫొటో చూపించి ఆమె చేత నాలుగు తిట్లు తిట్టించాలని ఆటో ఎక్కి సత్యనారాయణపేటకు పరిగెత్తాను. ఎనభై దాటిన అత్త ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, గొంతు తగ్గించింది.

“వీడు సరిగ్గానే ఉండాడమ్మీ. ఆ కోటోడే గూఢచారి, డ్రైవరు సుమ్నే, ఉత్త డ్రైవరే. మన బజారు మాట యాడ, ఆ ఢిల్లీ హిందీ యాడ? నాకు సగం కూడా తెలీలేదు. మీరంతా నా మొగం చూస్తాంటే తెలీదని యెట్ల చెప్పేది? పతకం దినం తెలిసిపాయె, అప్పటికే మీరు వాని మీద పానం పెట్టుకోనుండారు. గ్రూపులో చెప్పొద్దు, నా పరువు పోతాది.”

నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంటికొచ్చి చూస్తే గ్రూపులో రభస ఇంకా సాగుతూనే ఉంది. ఈసారి ఆ డ్రైవరు వేషం ఎవరిదో ఎవరైనా కనుక్కోండి అని మాత్రం రాసి ఊరుకున్నాను.

ఈసారి సీరియల్ తెలుగులోనే మాట్లాడుతుందట, ఇప్పుడు ఎవరికీ ఎవరూ కథ చెప్పనక్కరలేదు. మొదటి రోజు మాత్రం అత్తను మా ఇంటికి తెచ్చుకుంటాను. టీవీ పక్కన పీట వేసి, దాని శబ్దం తీసేస్తాను.