సుభద్ర ఇంటి ఎండనీళ్ళు

నా మీద ఒక బరువుంది. ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుకున్నాను. దించే చోటు దొరక్క ఇన్నేళ్ళూ మోశాను. కొడుక్కి చెప్పలేను. కోడలికి అసలే చెప్పలేను. దేవుడి ముందు కూర్చుంటే, ఆయనకు ముందే తెలుసునన్న సిగ్గుతో నోరు పెగలదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. మాటలు ముందూ వెనకా అయితే సర్దుకోండి.

సుభద్ర నా తోడికోడలు, మా మరిది భార్య. ఇద్దరమూ భర్తలు పోయాక కొడుకుల దగ్గరికి, అమెరికాలో ట్రాయ్ అనే ఊరికి వచ్చాం. నేను ముందు, తను తర్వాత. మా వాడూ ఆమె కొడుకు రఘూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. ఇళ్ళు రెండు వీధుల ఎడం.

నేను పొదుపు మనిషిని. గ్యాసు ధర మండిపోతున్న రోజులవి. చలికాలం మా ఇంట్లో వేడి పెంచి తగ్గించే థర్మోస్టాట్ ముల్లు నా చేతిలో ఉండేది. మనవలు స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని అన్నం తినేవాళ్ళు. స్నానానికి మనిషికో బకెట్టు. ఎవరైనా షవర్ కింద నిలబడితే వెళ్ళి తలుపు కొట్టేదాన్ని. ఇంట్లో వేడి బయటికి పోకుండా ఏర్పాట్లు చేసుకుంటే పన్నులో కొంత తగ్గిస్తారని పక్కింటావిడ చెప్పింది. మా వాడి వెంటపడ్డాను. అటక మీద దూది పరుపులాంటిది పరిపించాను, కిటికీలకు రెండో వరస అద్దాలు పెట్టించాను. పెట్టిన ఖర్చులో నూటికి పదిహేను వంతున పన్నులో తగ్గింది. ఆ తర్వాత ఏ తెలుగువాళ్ళింట భోజనాలైనా ఆడవాళ్ళు నా చుట్టూ చేరేవారు. "ఆ టాక్స్ క్రెడిట్ సంగతి పెద్దమ్మగారిని అడగండి" అనేవారు. నా జన్మలో నన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు. అది నాకెంత రుచిగా ఉండేదో మీకు చెప్పలేను.

అప్పుడు సుభద్ర ఇంటి కప్పు మీదికి సోలార్ పలకలు ఎక్కాయి.

రఘు వెనకాడాడు. సుభద్ర కోడలు వద్దనే అంది. సుభద్రే పట్టుబట్టింది. చేతికున్న గాజుల జత అమ్మించి ముందు సొమ్ము కట్టించింది. కప్పు మీద అద్దాల పెట్టెల్లాంటివి, వాటిలో రాగి గొట్టాలు. ఎండకి నీళ్ళు కాగి కిందికి వస్తాయి. దానికి నూటికి నలభై తగ్గుతుందట. నలభై. మాకు పదిహేను.

చలికి వణికి మిగిల్చినదానికి పదిహేనూ, గాజులమ్మి ఖర్చు పెట్టినదానికి నలభయ్యా? ఇదెక్కడి లెక్క? కోపం వస్తే లెక్క వేసినవాళ్ళ మీద రావాలి. సుభద్ర మీదికి ఎందుకు మళ్ళింది? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. నిజం ఒక్కటే. ఉమ్మడి కాపురం రోజుల నుంచీ రంగు ఆమెది, గొంతు ఆమెది. పప్పుచారు కాస్తే అత్తగారు రెండోసారి వడ్డించమన్నది ఆమె కాచినదే. నాకు మిగిలింది పొదుపొక్కటే. ఖండాలు దాటి వచ్చి అదీ పట్టుకుపోయింది. భోజనాల్లో ఆడవాళ్ళు అటు జరిగారు. నా పక్కన కుర్చీలు ఖాళీ అయ్యాయి. సుభద్ర మాత్రం వాళ్ళతో, "నాకేం తెలుసమ్మా, ఇదంతా అక్కయ్యని చూసి నేర్చుకున్నదే" అనేది. ఆ మాట ఇంకా మండేది.

ఆ చలికాలమంతా సాయంత్రం కాగానే గొట్టాల్లో నీళ్ళు దించేసే పని సుభద్రదే. ఒక్కరోజూ తప్పలేదు. వసంతం రాగానే పన్ను డబ్బు వెనక్కి వచ్చింది. ఆ డబ్బుతోనే పిల్లల సెలవులకి అందరూ ఫ్లోరిడా ప్రయాణం కట్టారు. బయల్దేరే ముందు ఇంటి తాళం నాకివ్వడానికి సుభద్ర నన్ను పిలిచింది. బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది.

"అక్కయ్యా, ఈ ఎర్ర పిడి చూడు. గడ్డకట్టే చలి వస్తుందని టీవీలో చెప్పారనుకో, దీన్ని అడ్డంగా తిప్పెయ్. పైన గొట్టాల్లో నీళ్ళన్నీ దిగిపోతాయి. లేకపోతే గడ్డకట్టి పగుల్తాయి."

"ఇప్పుడే తిప్పేసి పోరాదూ?" అన్నాను.

"ఎండ ఇంత బాగా కాస్తుంటేనా? నీకోసమే ఉంచుతున్నా. వచ్చి తలంటి పోసుకో. మీ ఇంట్లో ఆ ఒక్క బకెట్టుకి నీ జుట్టు నూనె వదుల్తుందా?"

"నా జుట్టు సంగతి నీకెందుకు?"

"ఎందుకా, కారు వెనక సీట్లో నీ పక్కన కూర్చునేది నేను కదా." నవ్వింది. "ఎన్ని నీళ్ళైనా పోసుకో. ఎండ బిల్లు పంపదులే. ఏదీ, చలొస్తే ఏం చేస్తావో చెప్పు."

"అడ్డంగా తిప్పుతాను."

చిన్నపిల్లకి పాఠం అప్పగించినట్టు నాచేత చెప్పించింది. నేను చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు వెళ్ళి తలంటి పోసుకున్నాను. కుంకుడు రసం కూడా తీసుకెళ్ళాను. నీళ్ళు ధారగా, పొగలు కక్కుతూ వస్తూనే ఉన్నాయి. ఒళ్ళంతా హాయిగా ఉంది. ఆ హాయికే ఏడుపొచ్చింది. ఈ సుఖం ఆమె రోజూ పడుతోందా? పైగా నాకు ధర్మం చేస్తోందా?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో చెప్పారు, చలి వెనక్కి తిరిగింది, రాత్రికి గట్టిగా గడ్డకడుతుందని. మా వాడు నా వైపు తిరిగి, "రఘు వాళ్ళింట్లో ఏమైనా చూడాలా అమ్మా? పిన్ని ఏమైనా చెప్పిందా? కారులో రెండు నిమిషాలు, వెళ్ళొస్తా" అన్నాడు.

"ఏం చెప్పలేదు. నువ్వు పడుకో" అన్నాను.

మరిచిపోయానని నన్ను నేను నమ్మించుకోవాలని చాలా చూశాను. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను, గాలి అనుకున్నాను. కుదరలేదు. తాళం నా కొంగుకి ముడేసి ఉంది. ఆ ముడిని వేళ్ళతో నొక్కుతూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఏమనుకుని కూర్చున్నాను? ఇల్లు పాడవ్వాలనా? అంత దూరం ఆలోచించానో లేదో. ఆ పలకలు ఒక్కరోజు పనిచెయ్యకపోతే చాలు, భోజనాల్లో నాకో మాట దొరుకుతుందనుకున్నట్టు గుర్తు.

గొట్టాలు పగిలాయి. ఎండ రాగానే నీళ్ళు కప్పులోంచి కారి, సరిగ్గా సుభద్ర గది మీద సీలింగ్ విరిగి పడింది. వాళ్ళు తిరిగొచ్చి పిలిస్తే వెళ్ళాను. ఆమె పరుపు మీద తడిసిన ముద్దలు. కోడలు వాటిని ఎత్తి బకెట్లో వేస్తోంది. రఘు అడిగాడు, "అమ్మా, పెద్దమ్మకి ఆ పిడి సంగతి చెప్పావా లేదా?"

"చెప్పాను నాన్నా."

అందరూ నన్ను చూశారు. నేను సుభద్రని చూశాను.

"ఏ పిడి?" అన్నాను.

రెండే మాటలు. ఆమె ముఖంలో కోపం వస్తుందని కాచుకున్నాను. వస్తే ఎదురు తిరగడానికి సిద్ధంగా ఉన్నాను. కోపం రాలేదు. భయం వచ్చింది. "చెప్పలేదా అక్కయ్యా? కిందికి తీసుకెళ్ళి..." అని ఆగింది. నా కళ్ళల్లోకి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను అబద్ధమాడటం ఆమె ఎరగదు. అందుకని నన్ను నమ్మి, తనని అనుమానించుకుంది. "చెప్పాననుకున్నానేమో రా" అంది కొడుకుతో.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం ఇంటికొస్తూ మా వాణ్ణి అడిగాను, పలకలు పాడయ్యాయి కదా, ఆ నలభై వంతూ ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలా అని. అక్కర్లేదమ్మా, అది వాళ్ళకి న్యాయంగా వచ్చిందే అన్నాడు. నాకు నిరాశ కలిగింది. అంత జరిగాక కూడా.

రఘు ఆ పలకలు తీయించేశాడు. సుభద్ర పట్టుదల ఇల్లు ముంచిందని కోడలు ఒకసారి అంది, మళ్ళీ అనలేదు. కానీ పిల్లల్ని ఆమె మీద వదిలి బయటికి వెళ్ళడం మానేసింది. సుభద్ర పొయ్యి ఆర్పి వచ్చి మళ్ళీ వెళ్ళి చూసేది. తలుపుకి తాళం వేసి, లాగి, మళ్ళీ లాగి చూసేది. ఒంటరిగా ఉన్నప్పుడు వంట ముట్టుకోనంది. డాక్టరుకి చూపించారు. ఏమీ లేదన్నాడు. డాక్టరు మాట ఆమె నమ్మలేదు. నా మాట నమ్మింది.

చివరికి నన్నే అడగడం మొదలుపెట్టింది. "అక్కయ్యా, భోజనానికి పిలిచినవాళ్ళకి బదులిచ్చానా? పండగ ఏ రోజని చెప్పాను? నా మతి మీద నాకు నమ్మకం పోయింది, నువ్వే గుర్తుచెయ్యాలి." నేను గుర్తుచేసేదాన్ని. రోజూ ఫోన్ చేసి మరీ. భోజనాల్లో ఆమె నా పక్కనే కూర్చునేది, ఎవరేమడిగినా ముందు నా ముఖం చూసేది. నాకది బాగుండేది. ఇదే రాయడానికి నా చెయ్యి ఆడలేదు. పగిలిన గొట్టానికి నేను ఒక్క రోజే కారణం. ఇది మాత్రం ఏళ్ళ తరబడి చేశాను, తిన్నది అరిగించుకుంటూ, హాయిగా నిద్రపోతూ చేశాను.

రఘుకి ఉద్యోగం మారి వాళ్ళు ప్లేనో అనే దూరపు ఊరికి వెళ్ళిపోయారు. ఆ పన్ను తగ్గింపులు కూడా ప్రభుత్వం ఎత్తేసింది. ఇప్పుడు వాటి గురించి నన్నూ ఎవరూ అడగరు, ఆమెనూ అడగరు. పోయిన వారం సుభద్ర ఫోన్ చేసింది. మనవరాలి బడిలో పిల్లలందరి పేర్లూ చెప్పింది, మా పెళ్ళిళ్ళలో వడ్డించిన కూరలు వరసగా చెప్పింది. చివర్లో, "అన్నీ తప్పు చెప్పానేమో, నువ్వే సరిచెయ్యి" అంది. ఒక్కటీ తప్పు లేదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. "బిల్లు ఎక్కువవుతుంది, పెట్టెయ్" అన్నాను.

ఆమెకి చెబుతానా? తెలియదు. చెబితే అక్కయ్య కూడా పోతుంది ఆమెకి. చెప్పకపోతే మతి తిరిగి రాదు. ఈ రెండింట్లో నన్ను నేను కాపాడుకుంటున్నది ఎందులోనో నాకు తెలుసు, అందుకే ఆ ఆలోచన మీద ఎక్కువసేపు నిలవను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. మీ చేతిలో అది లేదు కూడా. ఒక్క మాట మాత్రం ఈ లోకంలో నేను కాక ఇంకొకరికి తెలిసి ఉండాలి. సుభద్రకి మతిమరుపు లేదు. ఎప్పుడూ లేదు.

రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.