నా వంతు నూరు సిగరెట్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు రూల్సంటే మహా గౌరవం. రూలు ప్రకారం నడుచుకునే మనిషికి చెడ్డపేరు రాదని గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడు నమ్మను.) బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు ఉతికే ఒక యూనిట్లో రంగులు సరిచూడటం నా పని. కొత్త మెషీన్లు చూడటానికి ఇస్తాంబుల్ వెళ్తూ ఓనరు నన్నూ రమ్మన్నాడు. ఆయన భార్య కూడా వస్తోందంటేనే మా నాన్న ఒప్పుకున్నాడు. వాళ్ళిద్దరినీ మేం అన్నా, అక్కా అని పిలిచేవాళ్ళం.

తిరిగొస్తూ అన్న ఎయిర్‌పోర్టు షాపులో సిగరెట్ల పెద్ద పెట్టె ఒకటి కొన్నాడు. లోపల రెండు వందలున్నాయి. బెంగళూరులో దిగి సూట్‌కేసుల కోసం నిలబడ్డప్పుడు గోడమీద బోర్డు కనిపించింది. మనిషికి వంద సిగరెట్లు దాటితే సుంకం కట్టాలట. పైకి చదివి వినిపించింది నేనే. అన్న అక్కవైపు చూశాడు. తాను వాటిని ముట్టనని అక్క తేల్చేసింది. అప్పుడాయన నావైపు తిరిగి, "పాపా, నీ వంతు ఊరికే పోతాండాది కదా," అన్నాడు. లెక్క సరిగ్గానే ఉందనిపించింది. సగం ప్యాకెట్లు నా చేతిసంచిలోకి చేరాయి.

వాళ్ళిద్దరూ ముందు బయటికి వెళ్ళిపోయారు. కస్టమ్స్ ఆఫీసరు నా సంచి తెరిపించి, ఎగాదిగా చూసి, ఇవి మీరే తాగుతారా అని కన్నడంలో అడిగాడు. కాదంటే అన్న ఇరుక్కుంటాడు. "హౌదు సార్, స్వల్ప," అన్నాను. కొద్దిగానే తాగుతానని అలా ఒప్పుకున్నానో లేదో, ఆయన ఊపిరితిత్తుల గురించి కాసేపు మంచిమాటలు చెప్పి వదిలేశాడు. తల తిప్పితే నా వెనకే ఉగ్గాని మామ. బజారులో బట్టల కొట్టాయన, రోజూ పొద్దున మా నాన్నతో కలిసి హోటల్లో బొరుగుల ఉగ్గాని తినే మనిషి. మలేషియా టూరు నుంచి అప్పుడే దిగాడట. బాగున్నావా అని మాత్రం అడిగాడు, చాలా జాలిగా.

మా బస్సు కంటే ముందే కబురు ఇంటికి చేరింది. నాన్న తిట్టలేదు. బోర్డు, వంద, అన్న, సగం ప్యాకెట్లు, అన్నీ వివరంగా చెప్పాను. వింటున్నంతసేపూ తలూపాడు, ఒక్క ముక్కా నమ్మలేదు. తర్వాత లోపలికెళ్ళి బీడీకట్ట, అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. (వీధి చివరి అంగడి వెనక తాగి సోంపు నములుతూ వచ్చేవాడు. అమ్మకు తప్ప మాకెవరికీ తెలియదనుకునేవాడు, మేమూ తెలియనట్టే ఉండేవాళ్ళం.)

"నన్ను చూసే నేర్చుకున్న్యావు," అన్నాడు. "నేను ఇడ్సిపెడ్తా. నువ్వూ ఇడ్సిపెట్టమ్మా."

కాదని మళ్ళీ చెప్పబోయి ఆయన మొహం చూశాను. ఎన్నేళ్ళుగా అమ్మ చెప్పినా వదలని బీడీలవి.

"సరే నాన్నా, మానేస్తా," అన్నాను.

మర్నాడు అన్న స్వయంగా ఇంటికొచ్చి ఆ సిగరెట్లు తనవేనని ఒట్టేసి చెప్పాడు. పనిచేసే పిల్లని కాపాడటానికి తప్పు తన నెత్తిన వేసుకున్న పెద్దమనిషని నాన్న ఆయనకు కాఫీ ఇప్పించాడు.

నాన్న మళ్ళీ బీడీ ముట్టలేదు. ఇప్పటికీ నేను దగ్గితే చాలు, తింటున్నవాడు ఆగి నావైపు చూస్తాడు. ఒక్కటి కూడా తాగలేదని చెప్తాను. ఇద్దరం గట్టివాళ్ళమే అంటాడు. ఉద్యోగంలో చాలా మెట్లే ఎక్కాను కానీ, ఎన్నడూ తాగని సిగరెట్టు మానేసినందుకు ఆయన మొహంలో కనపడే గర్వం మరి దేనికీ కనపడలేదు.