మాటలు తగ్గించే హెలికాప్టర్

పై వాటాలో ఉండే పెద్దావిడ ఒకప్పుడు పైలటనీ, నిక్షేపంలాంటి హెలికాప్టర్ని తీసుకెళ్ళి కొండకు కొట్టిందనీ, ఉద్యోగం ఊడినా పిచ్చి వదలక ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని కనపడ్డ హెలికాప్టర్నల్లా కూలుస్తోందనీ కింద దర్జీ కొట్లో చెప్పుకునేవారు. ఆ దర్జీ బట్టలకన్నా కబుర్లే ఎక్కువ కుడతాడని పేరు. ఒకరి దగ్గర పోగు దొరికితే చాలు, మరొకరు వచ్చేసరికి దాన్ని చొక్కా చేసి ఉంచేవాడు.

"తను కూల్చింది చాలదన్నట్టు ఊళ్ళోవాళ్ళ పనికి వంకలు పెట్టడం ఒకటి," అన్నాడు ఆ రోజు, మిషను ఆపకుండానే. "ఎవరో పాపం రాత్రనక పగలనక హెలికాప్టర్ తయారు చేశాడట. పైలటమ్మ గారు పనికిరాదని ఒక్క ముక్క రాసి పారేసిందట. నోటికాడి కూడు పడగొట్టడమంటే అదే మరి!"

కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరూ అయ్యో అన్నారు. వాళ్ళ వెనక ఒక పిల్ల చిరిగిన సీటు కవరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఆ పెద్దావిడకు స్వయానా చెల్లెలి కూతురు. వీధిలో అందరికీ చిన్నది. అవతలి మనిషి తనను చూసి పలకరించేదాకా తానుగా పలకరించి ఎరగదు కాబట్టి, నోట్లో నాలుక లేని పిల్ల అని కూడా అనేవారు.

"ఏమ్మా చిన్నదీ, ఎప్పుడొచ్చావ్? ఏంటది, పైలటమ్మ గారి సీటు కవరా?"

చిన్నది తల ఊపింది. అది అవునో కాదో దర్జీకి అక్కర్లేదు. కవరు తీసుకుని మూలన పడేశాడు.

నిజానికి పెద్దమ్మ ఉద్యోగం పైలటుది కాదు. వరదలొచ్చినప్పుడు, పడవలు మునిగినప్పుడు మనుషుల్ని పైకి లాగే హెలికాప్టర్లో తలుపు దగ్గర పని ఆమెది. కుడివైపు తలుపు తెరిచి, బోర్లా పడుకుని, తల బయటపెట్టి కిందికి తాడు దింపేది. తన కింద ఏముందో పైలటుకు కనపడదు. అందుకని ఆమె చెబుతూ ఉండాలి: ముందుకి, ఇంకొంచెం, కుడికి, ఆగు, అక్కడే. ఆమె నోరే పైలటుకు కళ్ళు. మోకాళ్ళు అరిగిపోయేదాకా ఆ పని చేసి, గౌరవంగా పదవీ విరమణ చేసి ఇంటికొచ్చింది. కొండ సంగతి దర్జీ సొంత అల్లిక.

నాన్న మంచం పట్టినప్పుడు చిన్నది బడి మధ్యలో మానేసింది. ఆయన కోలుకున్నాడు గానీ బడి మాత్రం చెయ్యి జారిపోయింది. తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి, తోడు కావాలన్న పెద్దమ్మ ఇంటికి వచ్చేసింది. ఆ ఇంట్లో ముందుగదిలో పాత కారు సీటూ, చెక్కకు బిగించిన రెండు పెడళ్ళూ, ఎడమచేతి పక్కన ఎత్తే దించే ఒక లీవరూ చూసి, ఇదేం ఇల్లురా దేవుడా అనుకుంది.

కంప్యూటర్లో విమానాలు నడిపే సిమ్యులేటర్ ఒకటుంది. ఆట అంటే దాని ప్రేమికులకు కోపం వస్తుంది. దానితోపాటు వచ్చేవి చాలక, బయటివాళ్ళు తయారు చేసి అమ్మే హెలికాప్టర్లను విడిగా కొని అందులో చేర్చుకుంటారు. వాటిలో కొన్ని రంగు చూస్తే మహారాణులు, ఎగిరితే తాటాకు చీపుళ్ళు. అందుకని కొనేముందు పెద్దమ్మ ఏమందో చదువుతారు. ఆమె చెబుతుంది, చిన్నది టైపు చేసి ఆ హెలికాప్టర్ల పిచ్చివాళ్ళు కలుసుకునే సైటులో పెడుతుంది.

పెద్దమ్మ పరీక్ష పద్ధతి ఎక్కడా లేనిది. కారు సీట్లో చిన్నది కూర్చుంటుంది. పెద్దమ్మ పక్కనే నులకమంచం మీద బోర్లా పడుకుంటుంది. ఆమె ముఖానికి దిగువన, పీట మీద ఇంకో తెర. అందులో కుడి తలుపులోంచి కనపడే నేల మాత్రమే ఉంటుంది. ముందు తెర ఆమె చూడదు. చూడమన్నా చూడదు.

"సోకులు నువ్వు చూసుకో. నేల నేను చూస్తా," అనేది.

చెరువులో తేలుతున్న ఒక పీపా మీద హెలికాప్టర్ని నిలపాలి. అంతే పరీక్ష. పెద్దమ్మ చెబుతూ ఉంటుంది, చిన్నది నడుపుతూ ఉంటుంది. మొదట్లో చిన్నదానికి పీపా మాట దేవుడెరుగు, చెరువే దొరికేది కాదు. ఇప్పుడు ఆమె చేతులకూ కాళ్ళకూ పెద్దమ్మ గొంతే పగ్గం. మంచి హెలికాప్టర్ అయితే పెద్దమ్మ మాటలు తగ్గుతూ వస్తాయి. చివరికి ఊరుకుంటుంది. చెత్తదయితే ఆమె నోటికి విశ్రాంతి ఉండదు.

"నన్ను ఎక్కువ మాట్లాడించిందంటే అది హెలికాప్టర్ కాదే, అత్తగారు," అనేది.

దర్జీ చెప్పిన హెలికాప్టర్ మాత్రం నిజమే. దాన్ని తయారు చేసినతను అంతకుముందు గడియారాలు బాగుచేసేవాడు. సైటులో అందరూ అతన్ని గడియారమయ్య అంటారు. అది తెరమీద మొదటిసారి కనపడ్డప్పుడు చిన్నది లీవరు ముట్టుకోకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ముళ్ళూ, మరలూ, వేళ్ళు తగిలి తగిలి అరిగిన మీటల అంచులూ, అన్నీ ఉన్నాయి. నిజం హెలికాప్టర్ నడిపే ఒక పైలటు కూడా బ్రహ్మాండమని మెచ్చుకున్నాడు.

లేపగానే మంచం మీంచి పెద్దమ్మ, "దింపు," అంది. మళ్ళీ లేపించి, మళ్ళీ దింపించింది. "నా కింద నేలకానే కడ్డీ ముందు లేస్తోందే. ఈ జాతి హెలికాప్టర్లో నా వైపు కడ్డీ ఆఖరున నేల వదలాలి. గడ్డి కూడా తప్పు వైపు జారుతోంది."

ఆ మాటే చిన్నది టైపు చేసింది. చూడ్డానికి బాగుంది, ఎగరడం తప్పు, కొనకండి. దాంతోపాటు నూనె వేడి చూపించే ముల్లు కూడా తప్పని పెద్దమ్మ చెబితే అదీ చేర్చింది.

దర్జీ కొట్టు నుంచి చిన్నది మెట్లెక్కి వచ్చేసరికి గడియారమయ్య ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, కోపాన్ని మర్యాదలో మడిచి పెట్టుకున్నట్టు ఉన్నాడు.

"ముల్లు సంగతి ముందు తేల్చుకుందామమ్మా," అని సంచిలోంచి ఒక ఫొటో తీశాడు. నిజం హెలికాప్టర్ లోపలిది. ముల్లు సరిగ్గా అతను పెట్టినచోటే ఉంది.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "నువ్వే రైటు నాయనా. ముళ్ళు నా వైపు ఉండేవి కావు. తెలియనిచోట వేలు పెట్టాను. ఆ మాట తీసేస్తాం."

అతను ఇంత తొందరగా గెలుస్తాననుకోలేదు. ధైర్యం పెరిగింది. "అయితే మిగతాది కూడా తీసెయ్యండి. పైలటు మెచ్చుకున్నది మీకెందుకు నచ్చలేదు? నా ముందు ఒక్కసారి నడిపి చూపించండి. తప్పుంటే నేనే అమ్మకం ఆపేస్తాను. చూపించలేకపోతే మీ మాట మొత్తం వెనక్కి తీసుకోవాలి. మీ ఒక్క మాటతో కొనేవాళ్ళు ఆగిపోయారు. ఇంతకాలం చేసిన పని నాది."

"న్యాయమే. అమ్మడూ, కూర్చో."

చిన్నది సీటు వెనకే ఆగిపోయింది. పెద్దమ్మ మాట ఇప్పుడు తన చేతిలో పడింది. ఆమె మాట అబద్ధమైతే ఇక ఎవరూ వినరు. నిజమై కూడా తను చూపించలేకపోతే అంతకన్నా ఘోరం.

"నడిపేది ఈ అమ్మాయా?" అన్నాడు గడియారమయ్య.

"నేను పడుకుంటాను. అది నడుపుతుంది. మాకు అదే అలవాటు," అంది పెద్దమ్మ, మంచం మీద బోర్లా తిరుగుతూ.

చిన్నది కవరు లేని సీటు మీద కూర్చుంది. వెనక కొత్త మనిషి ఊపిరి మెడకు తగులుతోంది. లీవరు ఎత్తింది. హెలికాప్టర్ ఒక పక్కకు ఒరిగి, రెక్క నేలకు కొట్టుకుని, తెర ఎర్రబడింది.

"చూశారా? చెయ్యి కుదరక నా హెలికాప్టర్ని అంటున్నారు," అన్నాడు గడియారమయ్య.

పెద్దమ్మ తల తిప్పలేదు. "అమ్మడూ, నేను తలుపు దగ్గరున్నాను. నా గొంతు వినపడుతోందా?"

"ఊఁ."

"హెలికాప్టర్లో ఇంకెవరున్నారు?"

చిన్నది ఒక్క క్షణం ఆలోచించింది. "ఎవరూ లేరు."

"మరింకేం. లేపు. ముందుకి. ఇంకొంచెం. ఎడమకి. ఆగు. జారుతున్నావ్, కుడికి..."

ఈసారి లేచింది. చెరువు మీదికి వెళ్ళింది. పీపా మీద నిలిచింది కూడా. కానీ పెద్దమ్మ నోరు ఆగలేదు. గడియారమయ్య నవ్వాడు. "నిలబడింది కదండీ! ఇంకేం కావాలి?"

అదే చిక్కు. ముక్కును అటూ ఇటూ తిప్పే పెడళ్ళ మీద చిన్నదాని కాళ్ళు అన్ని రకాల హెలికాప్టర్లకూ అలవాటుపడ్డాయి. తప్పు కనపడకుండానే సర్దేస్తున్నాయి. బాగా నడిపితే తప్పు దాక్కుంటోంది, సరిగ్గా నడపకపోతే తప్పు తనదవుతోంది. ఆమె తెరమీద రెక్కల్ని చూసింది. తన పాదాల్ని చూసుకుంది. పెద్దమ్మ గడ్డి అనడం గుర్తొచ్చింది.

"నేను... నేను కాళ్ళు తీసేస్తాను," అంది.

గొంతు తనదేనా అన్నట్టుంది. గడియారమయ్య, "ఏంటమ్మా?" అని ముందుకు వంగాడు.

"పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేస్తాను. దాని ఇష్టానికి దాన్ని వదిలేద్దాం. మీరు పైనుంచి చూడండి." హెలికాప్టర్ని గడ్డి మీదికి దింపి, పిట్ట ఎగురుతూ చూసినట్టు పైనుంచి కనపడేలా తెర మార్చింది. రెండు కాళ్ళూ ఎత్తి సీటు మీద మఠం వేసుకుని కూర్చుంది. "రెక్కలు గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతున్నాయి కదండీ?"

"అవును. నిజం దానికీ అంతే. నేను దగ్గరుండి చూసి చేశాను."

"రెక్కలు ఎటు తిరిగితే ఒళ్ళు దానికి ఎదురు తిరగాలి కదండీ? ఇప్పుడు చూడండి."

లీవరు నెమ్మదిగా ఎత్తింది. హెలికాప్టర్ లేచింది. లేచి, ముక్కు తిప్పుకుంది. రెక్కలు ఎటు తిరుగుతున్నాయో ఒళ్ళు కూడా అటే, చక్కగా, చెట్టపట్టాలేసుకున్నట్టు తిరిగింది.

గడియారాలు విప్పి బిగించిన మనిషికి ఒకదానికొకటి ఒరుసుకునే పళ్ళ చక్రాలు ఎటెటు తిరుగుతాయో ఒకరు చెప్పాలా? అతను ముందు తన రెండు చూపుడు వేళ్ళూ గాల్లో తిప్పి చూసుకున్నాడు. తర్వాత నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. పెద్దగా, కళ్ళవెంట నీళ్ళొచ్చేంత నవ్వు.

"నేను ఇంతకుముందు చేసిన హెలికాప్టర్ ఒంటికే కొత్త చొక్కా తొడిగానమ్మా! అది అటు తిరిగేది, ఇది ఇటు తిరిగేది. రెక్కలు మార్చాను, ఒళ్ళు మార్చడం మర్చిపోయాను. ఆ పైలటు గారు నడిపేది నా పాతదాని జాతి. ఆయన కాళ్ళకు హాయిగానే ఉంటుంది మరి!"

"పనితనం మాత్రం తక్కువ చెయ్యలేను నాయనా," అంది పెద్దమ్మ, మెల్లగా లేచి కూర్చుంటూ. "ఒళ్ళు సరిచేసి పట్రా. మా ముల్లు తప్పు మేం ఇవాళే దిద్దుకుంటాం."

అతను చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగి చిన్నదాన్ని చూశాడు. "కాళ్ళు తియ్యాలని నాకు తట్టలేదమ్మా. ఈసారి మీరు అలా కూర్చుంటే అది ఎటు తిరగాలో అటే తిరుగుతుంది. చూస్తుండండి."

అన్నట్టే అమ్మకం ఆపేశాడు. కొన్నాళ్ళకు సరిచేసినది పంపించాడు. చిన్నది సీట్లో, పెద్దమ్మ మంచం మీద. లేపగానే పెద్దమ్మ పొట్టకింద ఏదో పాత చుట్టం పలకరించినట్టు, "అదీ, నా కడ్డీ ఆఖరుది," అంది. చెరువు దాకా నాలుగు మాటలు చెప్పింది. పీపా దగ్గర, "అక్కడే," అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. చిన్నది కదలకుండా పట్టుకుని ఉంది. పెద్దమ్మ నిద్రపోయిందేమోనని పక్కకు చూసింది. నిద్ర కాదు. ఖాళీ చెయ్యి మంచం కిందికి జార్చి, లేని తాడును మెల్లగా దింపుతోంది.

మర్నాడు చిన్నది సీటు కవరు కోసం దర్జీ కొట్టుకు వెళ్ళింది. కబురు ఆమెకన్నా ముందే అక్కడికి చేరి, కొత్త చొక్కా తొడుక్కుని కూర్చుంది.

"ఆయన పందెం వేశాడట. పైలటమ్మ గారు సీట్లో కూర్చుని గిరగిరా తిప్పి చూపించేసరికి కాళ్ళమీద పడ్డాడట. ఎంతైనా నడిపిన చెయ్యి నడిపిన చెయ్యే!" అంటున్నాడు దర్జీ, కొండకు కొట్టిన సంగతి పూర్తిగా మర్చిపోయి. చిన్నదాన్ని చూసి కవరు తీసి దులిపాడు. "ఇదిగోమ్మా. పెద్దమ్మ గారి ఒళ్ళు భారీ కదా, నేనే ఆలోచించి రెండు పక్కలా వదులు పెట్టి వెడల్పుగా కుట్టాను."

చిన్నది కవరు చేతిలోకి తీసుకుంది. ఇద్దరు కూర్చోవచ్చు అందులో. కొట్లో ముగ్గురు మనుషులున్నారు, ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. ఆమె కవరు తిరిగి మిషను మీద పెట్టింది.

"వదులు విప్పి మళ్ళీ కుట్టు బాబాయ్. పెద్దమ్మ ఎప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు. నడిపేది నేను."