పెద్దేగి గ్లాసు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చాను. ఆ ఏడే మా మామకు చక్కెర జబ్బు ఉందని నంద్యాల డాక్టరు తేల్చాడు. తీపి మానమన్నాడు, వరి అన్నం తగ్గించి కొర్రలు తినమన్నాడు. కొర్రన్నం కూలోళ్ల తిండని మామకు నామోషీ. ఆ డాక్టరుకు ఏమీ తెలియదని తీర్పు చెప్పి, నల్లమల నుంచి పెద్దేగి మొద్దు తెప్పించాడు.

పెద్దేగి కొండవాలు చెట్టు. నీళ్లు నిలవని రాతినేలలో నిదానంగా పెరుగుతుంది. మా రేగడిలో బతకదు. గొడ్డలి పెడితే నెత్తురులాంటి జిగురు కారుతుంది. చేవ గట్టిదని ద్వారబంధాలకు, బండ్లకు వాడేవాళ్లు. మామ దాన్ని గ్లాసుగా తొలిపించాడు. రాత్రి అందులో పోసిన నీళ్లు తెల్లారేసరికి తేనెరంగుకు తిరిగేవి. అవి తాగితే జబ్బు తగ్గుతుందని ఊళ్లో చాలామంది నమ్మేవారు. కానీ వాళ్లు నోరు కూడా కట్టుకునేవారు. మామ మాత్రం ఆ నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, బెల్లం పూర్ణం కూరిన ఓళిగలు పెట్టించుకునేవాడు. నెయ్యి తక్కువైతే కసిరేవాడు. అత్త మారుమాట లేకుండా వడ్డించేది. ఆమె మీద కూడా నాకు గౌరవం మిగల్లేదు.

ఒక ఎండాకాలం ఆయన బొటనవేలిని చెప్పు కరిచింది. పుండు మానలేదు, వేలు నల్లబడింది. నంద్యాల పోదామని నా భర్త బతిమాలితే, గ్లాసు ఉండగా ఏమీ కాదన్నాడు. కంపు వసారా దాకా వచ్చాక కదిలాడు. ఆసుపత్రిలో వేలు తీసేశారు.

చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు, కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, పెద్దమనిషిలా చెప్పాడు.

“మాను మంచిది కాదప్పా. లేతది అంటగట్టినారు. ముదురు చేవతో ఇంకోటి చేపిస్తాండా.”

వాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

“మానేం చేసింది మామా? ఓళిగలు తినింది అది కాదు గదా” అన్నాను.

అత్త నన్ను లోపలికి పొమ్మని కళ్లతో సైగ చేసింది.

కొత్త గ్లాసు వచ్చింది. ఓళిగలూ ఆగలేదు. మామ మాత్రం పోయేదాకా నాతో నేరుగా మాట్లాడలేదు, ఏం కావాలన్నా నా భర్తతో చెప్పించేవాడు. ఆ ఇంట్లో నేను సుఖపడిన సంవత్సరాలంటే అవే.