అప్పులవాళ్ళ పట్టికలో దేవదానంగారు

నిన్న పోస్టాఫీసులో కౌంటరు వెనక అమ్మాయి నా కవరు మీద గట్టిగా ముద్ర కొట్టింది. ఆ చప్పుడుకీ తడి సిరా వాసనకీ నేను చిల్లర తీసుకోవడం మరిచి అలాగే నిలబడిపోయాను. మనసు ఎనభైల నాటి హ్యూస్టన్ కోర్టు కౌంటరు దగ్గరికీ, అక్కడ నా పక్కన మోచేతులు అరిగిన కోటుతో నిలబడిన దేవదానంగారి దగ్గరికీ వెళ్ళిపోయింది.

ఆయన ఒంగోలులో ప్లీడరు గుమాస్తాగా చేసి, నర్సుగా వచ్చిన కూతురి వెంట యాభై దాటాక అమెరికా చేరారు. దివాలా కేసులు చూసే ఒక లాయరు దగ్గర టైపిస్టుగా పనిచేసేవారు. ఆదివారం సాయంత్రాలు అద్దె హాలులో జరిగే మా తెలుగు ఆరాధనకు ఆయనే పెద్ద. నోరు మెత్తనిది కాదు. ఎవరి ప్రార్థనైనా మరీ పొడవైతే దగ్గేవారు.

చమురు ధర పడిపోయిన ఏడు మా ఆయన సామ్యేలు ఉద్యోగం పోయింది. ఇంటి వాయిదాలు ఆగాయి. దేవదానంగారు అడక్కుండానే రెండు వేల డాలర్లు చేబదులిచ్చారు, అవీ అయిపోయాయి. నెల మొదటి మంగళవారం కోర్టు మెట్ల మీద మా ఇల్లు వేలం వేస్తామని నోటీసు వచ్చింది. మేము మూడు రోజులు ఉపవాసం ఉన్నాం, సంఘంలో ప్రార్థన కోరాం, లాయరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. విశ్వాసి కోర్టు చాటున దాక్కుంటే నలుగురిలో అతని విశ్వాసానికున్న సాక్ష్యం చెడుతుందని మా భయం. శనివారం ఆయనే ఇంటికి వచ్చారు.

"ఉపవాసం మంచిదే సామ్యేలూ. కానీ ఈ వేలం ఆమెన్‌తో ఆగదు, సంతకంతో ఆగుద్ది."

అప్పు ఎగ్గొట్టి సంఘంలో తలెత్తుకోలేనన్నాడు మా ఆయన. ఎగ్గొట్టడం కాదనీ, కోర్టు ఒప్పుకున్న ప్రకారం నెలనెలా కట్టుకుంటూ పోవడమనీ, దివాలా కేసు ఫైల్ చేసిన నిమిషం నుంచి వేలం మీదా వసూళ్ళ మీదా స్టే ఉంటుందనీ, అప్పులవాళ్ళు ఫోన్ కూడా చేయకూడదనీ ఆయన ఓపికగా చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మా, మోషే ధర్మశాస్త్రంలో అప్పిచ్చినోడు తాకట్టు కోసం ఇంట్లోకి పోవచ్చా?"

పోకూడదు, బయటే నిలబడాలి. సండే స్కూల్లో ఆ అధ్యాయం అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. అది మా గుమ్మం గురించి కూడానని ఆ రోజు వరకూ తోచలేదు.

సోమవారం లాయరు ఆఫీసులో అప్పుల పట్టిక టైపు చేస్తూ ఆయన మధ్యలో ఆగిపోయారు. "నా పేరేదీ?"

"మీది వేరే అంకుల్. ముందు మీకిచ్చేస్తాం, ఎవరికీ తెలీకుండా," అన్నాడు మా ఆయన.

"ప్రమాణం చేసి ఇచ్చే కాగితం ఇది. నా కోసం అబద్ధమాడతావా? స్టే కట్టేసేది బ్యాంకునేనా, నన్ను కాదా?"

దేవదానంగారు తన పేరూ, రెండు వేలూ తానే అందరి కింద టైపు చేసుకున్నారు. తాకట్టు లేకుండా అప్పిచ్చి వరసలో చివర ఉన్నవాళ్ళకు దక్కేది కొంచెమేనని ఆ గదిలో ఆయనకే బాగా తెలుసు. నాలుగు కొట్టేలోగా కోర్టులో మా కాగితాల మీద ముద్ర పడింది. మర్నాడు భోజనం మానుకుని వేలం దగ్గరికి వెళ్ళి, చివరిదాకా విని, మాకు ఫోన్ చేశారు. "మీ అడ్రసు చదవలేదమ్మా. పొయ్యి వెలిగించు."

ఐదేళ్ళు కట్టాం. ఇల్లు నిలిచింది. ఆయనకు కోర్టు ద్వారా వచ్చింది సగం కూడా లేదు. ఆ ఐదేళ్ళలో ఆయన మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశారు, ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు. కేసు ముగిశాక మా ఆయన మిగతా డబ్బు తీసుకెళ్తే విసుక్కున్నారు. కోర్టు వదిలేసిందానికి తాను చెయ్యి చాపననీ, అంత బరువుగా ఉంటే హాలు అద్దెకు కట్టమనీ అన్నారు. అలాగే కట్టాం.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న మాట వచ్చేసరికి ఇప్పటికీ నా నోరు నెమ్మదిస్తుంది. నాకు ఒక మంచి మాటో, ఒక క్షమాపణో బాకీపడ్డవాళ్ళు గుర్తొస్తారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి తలుచుకుంటాను. కొందరిని వదిలేయగలను. వదలలేనివాళ్ళకు ఇంకా కొంత గడువిచ్చి, అప్పుడు మిగతా ప్రార్థన చెబుతాను.