ప్రణతి వద్దన్న రోజు

బందరులో ఎవరింటికి వెళ్లినా ప్రణతి కాఫీ వద్దనలేదు. ఒక సాయంత్రం నాలుగిళ్లకు వెళ్తే నాలుగు కాఫీలూ తాగి, రాత్రికి కడుపు పట్టుకుని కూర్చునే రకం. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లకు ఇలాంటి మనిషి కంటపడితే పండగే. ఇంత మెత్తని మనిషి నూట డెబ్బై మందిని ఎక్కించుకుని సముద్రం దాటే విమానం నడుపుతుందంటే కొత్తవాళ్లు నమ్మరు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ, ఆమె నడుపుతుంది.

పుట్టింది దివిసీమలో, అవనిగడ్డలో. తండ్రి పూర్ణచంద్రరావు గారు ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా చేశారు. చల్లపల్లిలో చదువుకున్న పిల్ల పైలట్ ఎలా అయిందన్నది వేరే పెద్ద కథ, దాన్ని ఇప్పుడు కదపను. ప్రస్తుతం గల్ఫులో ఒక విమానాల కంపెనీలో కాంట్రాక్టు మీద ఫస్టాఫీసరు, అంటే కెప్టెన్ పక్క సీటు. ఆరు వారాలు అక్కడ డ్యూటీ, మూడు వారాలు బందరులో కాపురం. భర్త సాయిశరణ్ గుడివాడ కాలేజీలో లెక్చరరు. అత్తగారు లలితాంబ గారు ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు.

కాంట్రాక్టు పైలట్ బతుకు బయటికి కనిపించేంత దర్జాగా ఉండదు లెండి. గడువు దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టదు. కరోనా రోజుల్లో ఆమె అప్పటి కంపెనీ సొంత పైలట్లను అట్టేపెట్టుకుని, కాంట్రాక్టు వాళ్లందరినీ ఒక్క మెయిలుతో ఇంటికి పంపేసింది. ప్రణతి ఆర్నెల్లు మంచం దిగలేదు. తిండి సయించేది కాదు, మాట పెగిలేది కాదు. అప్పుడు లలితాంబ గారే ఆమెను లేపి కూర్చోబెట్టారు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో ఏదో ఆయుర్వేదం టానిక్కు కలిపి తెచ్చి, తాగేదాకా మంచం పక్కనుంచి కదిలేవారు కాదు. లైసెన్సు మురిగిపోకుండా పరీక్షలకు కూర్చోమని పోరి పోరి పంపించిందీ ఆవిడే. కన్నతల్లి కూడా అంత చెయ్యదని ప్రణతి అంటుంది, అందులో ఒక్క ముక్క అతిశయోక్తి లేదు. అందుకే ఆ తర్వాత ఉద్యోగం వచ్చినా, ఆకలి బాగయినా, సెలవుకొచ్చిన ప్రతిసారీ అత్తగారు ఇచ్చిన గ్లాసు ఏమిటని అడక్కుండా తాగేసేది.

ఈసారి సెలవు మామూలు సెలవు కాదు. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. కొత్త కాంట్రాక్టు కెప్టెన్‌గా ఇస్తామన్నారు, అయితే ఒకటే మెలిక. చివరి చెక్ ఫ్లైట్ నెగ్గాలి. అంటే ఆమె కెప్టెన్ సీట్లో కూర్చుని విమానం నడుపుతుంటే కంపెనీ పరీక్షకుడు పక్కన కూర్చుని చూస్తాడు. ఆ విమానం హైదరాబాదు నుంచే బయల్దేరుతుంది. అక్కడే డ్యూటీ ఎక్కమన్నారు. పన్నెండేళ్లుగా ఎదురుచూసిన సీటు అది.

చెక్ ఫ్లైట్ రోజు పొద్దున్నే టిఫిను, అత్తగారి గ్లాసు రెండూ ముగించుకుని మొగుడూ పెళ్లాలు అద్దె కార్లో బయల్దేరారు. శరణ్‌ను గుడివాడలో దింపేసి, అదే కార్లో గన్నవరం వెళ్లి హైదరాబాదు విమానం ఎక్కాలని ఏర్పాటు. గుడ్లవల్లేరు దాటాక, మంచినీళ్ల కోసం ప్రణతి అత్తగారు సర్దిచ్చిన సంచీలో చెయ్యి పెట్టింది. పులిహోర డబ్బా పక్కన గుడ్డ చుట్టిన సీసా తగిలింది. అక్కడ కూడా తాగాలని పెట్టి ఉంటారు పాపం. రోజూ గ్లాసులో కలిపే టానిక్కే, ద్రాక్షారిష్టం. ఇన్నేళ్లలో ఆ సీసా ఆమె కంటపడటం అదే మొదలు. ఊరికే తిప్పి చూసింది. కింద చీమతలకాయంత అక్షరాల్లో, ఇందులో తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఇంత శాతం అని రాసి ఉంది.

ప్రణతి కారాపించింది.

డ్యూటీకి ముందు పన్నెండు గంటల్లో ఆల్కహాల్ చుక్క ముట్టరాదని కంపెనీ నియమం. ఆమె తాగింది పొద్దున, డ్యూటీ సాయంత్రం. మధ్యలో పన్నెండు గంటలు లేవు. శరణ్ సీసా చూసి తేలిగ్గా నవ్వేశాడు. రెండు చెంచాలు కూడా ఉండదు, సాయంత్రానికి ఆవిరైపోతుంది, గాలి ఊదించి చూసినా మిషనులో సున్నాయే వస్తుందని చెప్పాడు. నిజమే. ఆ సంగతి అతనికంటే ఆమెకే బాగా తెలుసు.

"సున్నాయే వస్తుంది శరణ్. కానీ నేను తాగానుగా," అంది ప్రణతి.

అతను బతిమాలాడు. ఇవాళ కాదంటే మళ్లీ ఎప్పుడిస్తారో, అసలిస్తారో లేదో అన్నాడు. మళ్లీ మంచం పడతావేమోనని భయంగా ఉందని కూడా అనేశాడు. ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఆమెకూ ఆ భయమే ఉంది మరి. కళ్లనీళ్లు తిరిగాయి. అయినా ఫోను తీసి డ్యూటీ ఆఫీసుకు కలిపి, ఉన్నదున్నట్టు చెప్పి, ఈ విమానం నేను నడపకూడదు, ఇంకొకర్ని వేసుకోండి అంది. అవతలివాడు ముందు తమాషా అనుకున్నాడు. తర్వాత గొంతు మార్చి, చీఫ్ పైలట్ మాట్లాడతారు, అందుబాటులో ఉండమన్నాడు. కారు వెనక్కి తిరిగింది.

ఇంట్లో లలితాంబ గారి పరిస్థితి చెప్పనలవి కాదు. శనివారం ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు అది. కోడలు చెప్పింది విని కుర్చీలో కూలబడ్డారు. ఆల్కహాలా, మా ఇంట్లోనా, నా చేత్తోనా అని మూడుసార్లు అడిగారు. లోపలున్న సీసాలన్నీ తెచ్చి పెరట్లో మోరీలో పారబోశారు. ఆ తర్వాత కొంగు బిగించారు. తప్పు నాది, మీ కంపెనీ వాళ్లతో నేనే మాట్లాడతాను, నా ఇంగ్లీషుకేం తక్కువ అని తేల్చేశారు. ప్రణతి అలవాటు కొద్దీ ఏమీ అనలేకపోయింది.

మర్నాడు ల్యాప్‌టాప్ ముందు ప్రణతి యూనిఫాంలో కూర్చుంది. పక్కన, కెమెరాకు అందనంత దూరంలో, గంజిపెట్టిన చీరలో లలితాంబ గారు. చీఫ్ పైలట్ నెరిసిన తల మనిషి, మాట నెమ్మది. జరిగిందంతా విన్నాడు. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు, చెప్పినందుకు సంతోషం అన్నాడు. ప్రణతి ఊపిరి పీల్చుకోబోయింది.

"నా బెంగ అది కాదు," అన్నాడాయన. "ఇన్నేళ్లు ఏమిటని అడక్కుండా తాగారు. ఇచ్చినావిడ పెద్దది, మీ మంచి కోరేది, అందుకని. రేపు మీరు కెప్టెన్ సీట్లో ఉంటారు. పక్కన మీకంటే పెద్దవాడు, మీకు పని నేర్పినవాడే కూర్చుని ప్రేమగా తప్పు సలహా ఇస్తే, అదీ ఇలాగే తీసుకుంటారా?"

  ఆయన అడిగింది సబబైన ప్రశ్న. ప్రణతి తనకు తెలిసి పెద్దవాళ్లెవరికీ వద్దని చెప్పిన మనిషి కాదు.

లలితాంబ గారు ఇక ఊరుకోలేకపోయారు. కుర్చీ ముందుకు జరుపుకుని కెమెరాలోకి వచ్చేశారు. నేను ఈమె అత్తగారిని, ఇందులో ఆమె తప్పేమీ లేదు, శిక్షిస్తే నన్ను శిక్షించండి అని చక్కటి ఇంగ్లీషులో అందుకున్నారు. ప్రణతి నెమ్మదిగా, మీరాగండి అత్తయ్యా అంది. ఆవిడ ఆగలేదు. కోడలు చాలా బుద్ధిమంతురాలని, తన మాట ఎన్నడూ జవదాటలేదని చెప్పుకుపోతున్నారు.

ప్రణతి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, వద్దు. తాగింది నేను, అడగనిది నేను. ఇది నా డ్యూటీ సంగతి, నేనే చెప్పుకోవాలి. మీరు లోపలికి వెళ్లండి."

గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ వణకనూ లేదు.  లలితాంబ గారు కోడలి మొహంలోకి ఒక్క నిమిషం చూశారు. ముప్పై ఏళ్లు క్లాసులో అందరి నోళ్లూ మూయించిన మనిషి, ఇంకో మాట లేకుండా లేచి లోపలికి వెళ్లిపోయారు.  ప్రణతి వెనక్కి పిలవలేదు.

ఆవిడతో మీ భాషలో ఏమన్నారని అడిగాడు చీఫ్ పైలట్.

"వద్దన్నాను సర్. ఈ ఇంట్లో అందరికంటే పెద్దావిడ. నేను మళ్లీ విమానం ఎక్కానంటే ఆవిడ వల్లే. మీరడిగిన దానికి అంతకంటే జవాబు నా దగ్గర లేదు."

 ఆలోచించి కబురు చేస్తామని చెప్పి ఆయన సెలవు తీసుకున్నాడు.

ప్రణతి ల్యాప్‌టాప్ మూసి వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడ అత్తగారు లేరు. పెరటి తలుపు తీసి ఉంది. గోడ దగ్గర లలితాంబ గారు కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. అవతల పక్కింటి రత్నకుమారి గారు, కంపెనీ వాళ్లు ఏం తేల్చారండీ అని ఆదుర్దాగా అడుగుతున్నారు. కాళ్ల మీద పడైనా బతిమాలుకుందామని వచ్చిన ప్రణతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కంపెనీ సంగతి నాకు తెలియదండీ," అన్నారు లలితాంబ గారు. "మా అమ్మాయి మాత్రం ఇప్పుడే కెప్టెన్ అయింది."

కంపెనీ వాళ్లకు ఆ మాట అనడానికి ఇంకో నెల, ఇంకో చెక్ ఫ్లైట్ పట్టాయి.